మంచం కోడుతో చేసిన విమానం

చేవెళ్లకు పోయి రావడాన్ని యాత్ర అంటే నవ్వుతారని తెలుసు. పట్నం నుంచి బీజాపూర్ రోడ్డు పట్టుకుంటే మామూలు రోజుల్లో పొద్దున పోయి పొద్దుగూకే లోపల ఇల్లు చేరవచ్చు. కాని తెలంగాణ ఉద్యమం నడిచిన అరవైతొమ్మిదిలో మామూలు రోజులు ఎక్కడున్నాయి? బంద్ లేని నాడు ఊరేగింపు, ఊరేగింపు లేని నాడు కర్ఫ్యూ. నేను ఫిజిక్సు చెప్పే కాలేజీకి నెలల తరబడి తాళం వేలాడుతోంది. కాశీకి పోయి వచ్చినవాళ్లు ఊరందరికీ గంగనీళ్లు పంచుతారు. నా దగ్గర పంచడానికి కాస్త చేదు తప్ప ఏమీ లేదు, అదే పంచుతున్నాను.

పోయిన పని చిన్నదే. సామ్యేల్ అని నా దగ్గర బీఎస్సీ చదివే పిల్లవాడు ఊరేగింపులో పట్టుబడి జైల్లో ఉన్నాడు. వాడిది చేవెళ్ల. ఈలోగా హాస్టలు ఖాళీ చేయమని హుకుం వచ్చింది. బయటి నుంచి వచ్చే పోలీసులను అందులో దింపుతారట. సామ్యేల్ గదిలో ఒక దుప్పటి, రెండు చొక్కాలు, ఒక విమానం మిగిలాయి.

విమానమంటే బొమ్మ విమానం. పసిబిడ్డంత ఉంటుంది. హాస్టలు మంచం కోడు చెక్కి ఒళ్లు చేశాడు, మంచం పట్టెతో రెక్కలు చేశాడు. మంచం పాడుచేసినందుకు వార్డెను జుర్మానా వేస్తే నోరెత్తకుండా కట్టి, అప్పటి నుంచి నేల మీదే పడుకున్నాడు. పెద్ద జెట్ విమానాన్ని వాడు కళ్లతో చూసింది లేదు. మన బేగంపేటలో దిగేవన్నీ చిన్నవే. ఏదో పత్రికలో బొమ్మ చూశాడు, ఇక నా తల తినడం మొదలుపెట్టాడు. రెక్కలు వెనక్కి ఎందుకు వాలాయి? ఇంజన్లను రెక్కల కింద ఎందుకు వేలాడదీశారు? ఒళ్లు గుండ్రంగానే ఎందుకుండాలి? ల్యాబులో ప్రిన్సిపాలుగారికి గాలి విసరడం తప్ప ఇంకో పని ఎరగని టేబుల్ ఫ్యాను ముందు ఈ విమానాన్ని నిలబెట్టి, అగరొత్తి పొగ దాని మీదుగా ఎట్లా పోతుందో గంటల తరబడి చూసేవాడు.

బెంగుళూరు పోయి విమానాల చదువు చదవాలని వాడి పట్టు. సీటు కోసం పిలిచినప్పుడు దీన్ని బల్ల మీద పెట్టి, ఒక్కొక్క వంపుకూ కారణం చెబుతాడట. పల్లెటూరి కూలిదాని కొడుకు నోటిమాట నమ్మరు కాని, చేతిపని చూస్తే నమ్ముతారని వాడి ఆశ. జైలు ములాఖత్‌లో వాడు నన్ను కోరింది ఒక్కటే.

"సార్, దాన్ని మా అమ్మ దగ్గర పెట్టి రాన్రి. నేనొచ్చేదాక ఎవల్నీ ముట్టనియ్యొద్దని చెప్పున్రి. తూకం ఇంకా చూడలే."

నాదీ పూచీ అన్నాను.

మెహిదీపట్నం

ఆ శనివారం బస్సులు నడుస్తాయని ఒకరు, నడవవని ఒకరు. నడిచిన ఒక్క బస్సు మీదికి జనం ఈగల్లా ముసిరారు. విమానాన్ని దుప్పట్లో చుట్టి, రొమ్ముకు అదుముకుని, భుజం ముందుకు వంచి ఏటవాలుగా దూరాను. ఎదురురొమ్ముతో పోయినవాళ్లంతా మెట్ల మీదే ఆగిపోయారు.

నా చేతుల్లో మూట చూసి ఒక ముసలవ్వ జరిగి చోటిచ్చింది.

"పిలగానికి జెరమా బిడ్డా? గాలాడనియ్యి, గట్ల కప్పకు," అంటూ నేను వద్దనేలోపలే దుప్పటి తొలగించింది. "ఓయమ్మో! గిదేం పిలగాడు? ముక్కు తప్ప ఏం లేదు!"

బస్సంతా విరగబడి నవ్వింది. నవ్వే ఓపిక నాకు లేదు. కండక్టరు మాత్రం నవ్వకుండా వచ్చి, "పిలగాడైతే టికెట్ లేకుండె. సామానంటే ఉన్నది," అని లగేజీ టికెట్ కొట్టాడు. రాష్ట్రం రెండు ముక్కలయ్యేటట్టున్నా లగేజీ ఛార్జీ దగ్గర మాత్రం సర్కారుకు ఎంత శ్రద్ధో!

మొయినాబాద్

మొయినాబాద్ పొలిమేరలో రోడ్డుకు అడ్డంగా రాళ్లు, ఒక చింతకొమ్మ. డ్రైవరు ఇంజను ఆపి, తల కింద తువ్వాలు పెట్టుకుని పడుకున్నాడు. అలవాటైన ప్రాణం. పక్క హోటల్లో చాయ్ అడిగితే హోటలువాడు మామూలుకు రెట్టింపు చెప్పాడు, ఇచ్చింది నల్లనీళ్లు.

"బంద్‌ల పాలు యాడికెల్లి వస్తయి సారూ?" అన్నాడు. పాలు లేనందుకు ధర తగ్గాలి కదా అంటే ఇంకోవైపు తిరిగాడు.

ఈలోగా రోడ్డు ఆపిన కుర్రవాళ్లు నా చుట్టూ మూగారు. వాళ్లలో కోరమీసం ఉన్న పొడుగాటివాడు పెద్ద అని తెలుస్తూనే ఉంది.

"ఏ ఊరు సారూ నీది?"

"నల్లగొండ జిల్లా."

"గట్లయితే పుస్తకం లెక్క మాట్లాడవడితివేంది? ఆంధ్రోనివి కావు కద?"

ఇరవయ్యేళ్లు పాఠాలు చెబితే నాలుక ఇట్లాగే తయారవుతుంది నాయనా అన్నాను. వాడు నమ్మలేదు. దుప్పటి విప్పించాడు. విప్పగానే అందరి ముఖాలూ మారిపోయాయి.

"గాలిమోటరు!" అన్నాడు ఒకడు. "రెక్కలు గిట్ల ఎనకకు ఒంగినయేంది? ఇరిగినాయె?"

విరగలేదు, కావాలనే వంచారని చెప్పాను. విమానం మెల్లగా పోయినంత సేపూ గాలి తప్పుకుని దారి ఇస్తుంది. వేగం మరీ పెరిగి, శబ్దం పోయే వేగానికి దగ్గర పడేసరికి, గాలికి తప్పుకునే వ్యవధి ఉండదు. రెక్క ముందర కుప్పపడి అడ్డం నిలుస్తుంది. రెక్కను అడ్డంగా కాక ఏటవాలుగా పెడితే గాలి దెబ్బ నేరుగా తగలదు, ఉన్న వేగం కన్నా తక్కువ వేగంతో తగిలినట్టుంటుంది. పొద్దున నేను బస్సులో దూరింది కూడా ఇట్లాగే అన్నాను.

"అంటే లాఠీచార్జిల మనం ఉరికినట్టు," అన్నాడు కోరమీసం వాడు. తరువాత, "ఎవలు చేసిన్రు దీన్ని?" అని అడిగాడు.

చేవెళ్ల సామ్యేల్ అని, జైల్లో ఉన్నాడని చెప్పాను. అంతే, నేను అనుమానం మనిషిని కాస్తా చుట్టపు మనిషినయ్యాను. చాయ్ డబ్బులు నాకు తిరిగి ఇప్పించారు. వద్దు వద్దంటున్నా వినకుండా, గోడల మీద రాసే జాజు తెచ్చి ఎడమ రెక్క మీద ఎర్రగా 'జై తెలంగాణ' అని రాశారు. తూకం తేలని విమానం మీద ఒకవైపే రంగు పూశారని నా బాధ. వాళ్ల కళ్లలో నీళ్లు చూశాక గట్టిగా అనలేకపోయాను.

బంద్ చేసినవాళ్లే నాకు బండి కుదిర్చారు. చేవెళ్ల వైపు పోయే కంకర లారీ వస్తే రాళ్లు పక్కకు దొర్లించి దారి ఇచ్చారు, నన్ను డ్రైవరు పక్కన ఎక్కించారు. బస్సుకు లేని దారి లారీకి ఎట్లా వచ్చిందని డ్రైవరును అడిగాను.

"ఇది మా కంట్రాక్టరు సేట్‌ది సారూ. రోడ్డు పనులన్నీ ఆయనయే. గీ పోరగాండ్ల చాయ్ బిస్కిట్లకు ఆయన్నే ఇస్తడు. పోలీసు ఠానా సాబులకు గూడ ఆయన్నే ఇస్తడు. మాకు బంద్ ఉండది."

రూతమ్మ ఇల్లు

సామ్యేల్ తల్లి పేరు రూతమ్మ. భర్త పోయి చాలా కాలమైంది. కూలికి పోతుంది. నేను వెళ్లేసరికి పెసరకాయ ఏరి అప్పుడే వచ్చింది. నన్ను నులకమంచం మీద కూర్చోబెట్టి, నేను వారిస్తున్నా జొన్నరొట్టె చేసింది. పుంటికూర, పచ్చిమిరప కారం. పట్నంలో హోటళ్లు మూతపడి నెలలుగా నేను తింటున్న తిండి తలుచుకుంటే అది పెళ్లిభోజనం.

తిన్నాక విమానాన్ని ఆమె చేతికిచ్చాను. చీరకొంగుతో చేతులు తుడుచుకుని అందుకుంది.

"మా సామ్యేలు చేసిండా? గింత నునుపుగనా?"

కొడుకు చదువు మానేసి ఊరేగింపుల వెంట తిరిగి చెడిపోయాడని ఊళ్లో అన్నారట. అది అబద్ధమని ఇప్పుడు చేత పట్టుకుని చూస్తోంది. నన్ను కూడా వాడిలాగే ప్రశ్నల మీద ప్రశ్నలు అడిగింది. ఒళ్లు గుండ్రంగా ఎందుకుంది? చూరుకు వేలాడుతున్న ఎండు సొరకాయ బుర్రను చూపించాను. మరీ ఎత్తున పోయే విమానంలో మనిషికి ఊపిరి ఆడదు. అందుకని లోపల గాలి నింపుతారు. ఆ గాలి బయటికి తోస్తూ ఉంటుంది. గుండ్రంగా ఉంటే ఆ తోపును అన్ని పక్కలా సమానంగా ఓర్చుకుంటుంది, పెట్టెలా ఉంటే మూలల దగ్గర చీలుతుంది.

"మరి రెక్కల కింద గీ నాలుగు కుండలేంది?"

అవి ఇంజన్లు. బరువంతా ఒంట్లోనే పెడితే, గాలి రెక్కలను పైకి ఎత్తుతుంటే నడుమ బరువు కిందికి లాగి, రెక్క మొదలు విరిగేటట్టవుతుంది. ఇంజన్లను రెక్కలకే తగిలిస్తే ఆ ఒత్తిడి తగ్గుతుంది. నిప్పంటుకున్నా మనుషులకు దూరంగా ఉంటుంది. "ఈ మంచం మీద నలుగురూ నడుమ కూర్చుంటే నులక తెగుతుంది కదమ్మా, అంచులకు సర్దుకుంటే నిలుస్తుంది," అన్నాను.

రూతమ్మ విమానాన్ని తిప్పి తిప్పి చూసింది. "ఎవల్నీ ముట్టనియ్యొద్దన్నడా?" అని మళ్లీ అడిగి చెప్పించుకుంది. చివరగా, "వాడు చేతులతోని చేసినదాంట్ల ఇదే మొదటిదా సారూ?" అంది.

మొదటిదే అన్నాను. గర్వంగా కూడా అన్నాను. ఆమె దాన్ని బైబిలు పక్కన పెట్టి తలవంచి ప్రార్థన చేసుకుంది. తల్లి మనసు అనుకుని నేను నిద్రపోయాను.

కోతల పండుగ

మరునాడు ఆదివారం. చర్చిలో కోతల పండుగ. మా వైపు కొత్త పంట వస్తే మొదటి కంకులు గుమ్మానికి కడతాం, పిచ్చుకలు తింటాయి, అంతటితో సరి. ఇక్కడ మొదటి పంట దేవుడికి తెచ్చి ఇస్తారు. ప్రార్థన అయ్యాక చర్చి వాకిట్లో వేలం వేస్తారు. పాడుకున్నవాళ్లు డబ్బు చర్చికి కట్టి వస్తువు తీసుకుపోతారు. కొందరు పాడుకుని, ఇచ్చినవాళ్లకే తిరిగి ఇస్తారు కూడా. ఎవరు ఇచ్చింది వాళ్లు పాడుకోకూడదు. మంచి ఆచారమే, నాకేం పేచీ లేదు. చర్చి లోపల అడుగుపెట్టేదాకా లేదు.

లోపల బల్ల ముందు మక్క కంకులు, పెసర్లు, సొరకాయలు, కాళ్లు కట్టిన కోళ్లు. ఒక గుమ్మడికాయకూ ఎర్రపుంజుకూ నడుమ సామ్యేల్ విమానం. జాజు రాత కనబడకుండా రాసిన రెక్కను ఎవరో గోడవైపు తిప్పారు.

ఆడవాళ్ల వైపు పోయి రూతమ్మను పట్టుకున్నాను. "ఇదేంటమ్మా? వాడేం చెప్పాడు, నువ్వేం చేశావు?"

ఆమె కొంచెం కూడా తడబడలేదు. "మొదటిది దేవునిదే కద సారూ. మొదటి దూడ, మొదటి పంట, మొదటి కూలి. వాని చేతుల మొదటి పని నేనెట్ల దాసుకుంట? ఇస్తెనే వాడు బయటికొస్తడు."

"ఎవరినీ ముట్టనివ్వద్దన్నాడమ్మా!"

"దేవుడు గా ఎవలల్ల వస్తడా?"

పాస్టరు అయ్యగారి దగ్గరికి పోయాను. నెమ్మదైన మనిషి. ఇచ్చింది వెనక్కి తీయరాదన్నాడు. "మీరే పాడుకోన్రి సార్, ఎవలొద్దంటరు? ముందుగాల ఇదేందో జర మావోళ్లకు చెప్పున్రి. తెల్వకుంట పాడితే కానుకకు ఇజ్జత్ ఉండది."

విలువ తెలిస్తే పోటీకి రారు, పంతులుకు వదిలేస్తారు అనుకున్నాను. నా మొహం! చదువుకున్నవాడికి పట్టే పిచ్చి ఇదే.

కోళ్ల కూతల మధ్య నిలబడి నా జీవితంలోకెల్లా మంచి పాఠం చెప్పాను. రెక్కల వాలు చెప్పాను, గుండ్రటి ఒళ్లు చెప్పాను, ఇంజన్లు చెప్పాను. కిటికీలకు మూలలు ఎందుకుండవో చెప్పాను. జేబు ఎప్పుడూ మూల దగ్గరే చిరుగుతుంది కదా, లోహం కూడా అంతే, మొదట్లో అది తెలియక విమానాలు గాల్లోనే చీలిపోయాయి అన్నాను. తోక బాణం వెనక ఈకలాగా దారి తప్పనివ్వదన్నాను. జనం నోళ్లు తెరుచుకుని విన్నారు. అసలు మాట ఒకటి మిగిలింది. ఇంత వేగానికి పుట్టిన రెక్క మెల్లగా పోతే తన బరువు తానే మోయలేదు. అందుకే దిగేటప్పుడు రెక్కల అంచులను కిందికి చాచి పెద్దవి చేసుకుంటుంది. అది చెప్పబోతుండగా అయ్యగారు లేచి నిలబడ్డాడు.

"టైమయితున్నది సార్. కోళ్లు ఆగుతలేవు. మిగిలింది వేలమైనంక చెబుదురు."

వాకిట్లో వేలం మొదలైంది. విమానానికి మొదటి మాట నేనే అన్నాను. ఎవరూ పాడకపోతే ఆ మాటకే దక్కేది. కాని పాఠం విన్నారు కదా! గుమ్మడికాయ కొన్న రైతు పాడాడు, బట్టల కొట్టాయన పాడాడు. పాట పెరుగుతుండగా జీపు దిగి కంట్రాక్టరు వచ్చాడు, ఆ కంకర లారీల సేటే. చర్చి మనిషి కాడు. సర్పంచి పదవికి నిలబడబోతున్నాడు కాబట్టి ఏ పండుగనూ వదలడట. తెల్లటి బట్టలు, మెడలో తువ్వాలు. పక్కవాణ్ణి అడిగి తెలుసుకుని, నా మాట మీద ఒకేసారి రెట్టింపు అన్నాడు. నా జేబులో అంత లేదు.

"సేటూ, తల్లికిచ్చెయ్యి, పుణ్యముంటది," అన్నారెవరో.

విమానాన్ని చేతికి తీసుకుని, ఇచ్చేటట్టే కనిపించాడు. రూతమ్మ వైపు రెండడుగులు వేశాడు కూడా. అంతలో విమానం తిరగబడి ఎర్రటి రాత కనబడింది. అంత జనం, ఆ రాత, తన చేతిలో. ఆశ పుట్టింది మనిషికి.

"ఇంట్ల పెట్టుకునెటందుకా ఇది?" అంటూ జీపు బానెట్టు మీదికి ఎక్కాడు. "ఎగిరెటందుకు! దీనంత జోరుగ ఎగిరేది లోకంల లేదని సారే చెప్పిండు."

వద్దని అరిచాను. చేతితో విసిరితే అది నిలవదని, వేగం చాలదని అరిచాను. ఎవరు వింటారు?

"జై తెలంగాణ!" అని విసిరాడు.

విమానం ఒక్కసారి ముక్కు పైకెత్తింది, గాల్లో నిలబడినట్టే నిలబడి, తోకతో వచ్చి బండల మీద పడింది. అప్పటికి జనం ఇంకా "జై" అంటూనే ఉన్నారు. ఒక రెక్క మొదలంటా విరిగింది. రెండు ఇంజన్లు దొర్లిపోయి కోళ్ల గంపల కింద దూరాయి.

"ఫికర్ చెయ్యకున్రి, పైసలు నేను కడుత," అన్నాడు కంట్రాక్టరు. కట్టాడు కూడా. జీపెక్కి షాబాద్ వైపు పోయాడు, అక్కడ ఇంకో మీటింగట. ఆ మనిషిని ఈ రోజుకూ క్షమించలేదు. క్షమించాలని కూడా లేదు.

ముక్కలు ఏరుతూ రూతమ్మను పిలిచాను. ఆమె వంగలేదు. "నేను ఏరితే ఇచ్చింది తిరిగి తీసుకున్నట్టయితది సారూ," అంది. కళ్లు మాత్రం ఆ బండల మీది నుంచి తీయలేదు. "కానుకైతే అందింది కద. వాడెప్పుడొస్తడు సారూ?" అని అడిగింది.

తిరుగు దారి

మొయినాబాద్‌లో ఆ కుర్రవాళ్లే మళ్లీ ఎదురయ్యారు. పాలు దొరికాయట, మంచి చాయ్ తెప్పించారు. "అందిందా సారూ, సామ్యేలన్న తల్లికి?" అని కోరమీసం వాడు అడిగాడు. అందింది అన్నాను. విరిగిన రెక్క నా సంచిలోనే ఉంది. ఆ చాయ్ ఎవరి డబ్బుతో వస్తుందో తెలుసు కాబట్టి గ్లాసు అట్లాగే బల్ల మీద పెట్టేశాను.

తరువాతి ములాఖత్‌కు పోయి సామ్యేల్‌కు ఏమీ దాచకుండా చెప్పాను. కటకటాల అవతల తలవంచుకుని విన్నాడు. తల్లిని ఒక్క మాట అనలేదు. కంట్రాక్టరునూ అనలేదు. అంతా విన్నాక తలెత్తాడు.

"ఏది ముందల తాకింది సార్? ముక్కా, తోకా?"

"తోక."

"పడేముందు ముక్కు లేపిందా?"

"లేపింది."

"అయితే బరువు ఎనకకయింది. ఇంజన్లు జర ముందటికి జరపాలె," అన్నాడు. ఎంత జరపాలో కటకటాల మీద వేళ్లతో కొలిచి చూపించాడు.

జైలుకు చూడవచ్చినవాళ్లు ఏదో ఒక మంచిమాట అనాలి కదా, నేనూ అన్నాను. దానిదేముంది, ఊరికే కూర్చునే బదులు ఇక్కడే ఇంకోటి చెక్కుకోరాదా అన్నాను.

సామ్యేల్ వెనక్కి తిరిగి తన గది వైపు చూశాడు.

"ఈడ మంచాలు లేవు సార్," అన్నాడు.